మా ఊళ్ళో ఏడవని హీరోయిన్

ఆ సినిమా మీద నేను రెండుసార్లు తీర్పు చెప్పాను. మొదటిసారి పందొమ్మిదేళ్ళప్పుడు, పోస్టుకార్డు మీద, ఊరంతా తెలిసేలా. రెండోసారి ముప్ఫై దగ్గర పడ్డాక, పాలకొల్లులో మా అక్కయ్యవాళ్ళ ముందుగదిలో. మొదటి తీర్పు వల్ల అక్కయ్య నాకు దాదాపు పదేళ్ళు దూరమైంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మాది రామచంద్రపురం. అక్కయ్య నాకన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. నాకు అక్షరాలు నాన్న నేర్పారు గానీ సినిమా చూడటం నేర్పింది మాత్రం అక్కయ్యే. లేడీస్ క్లాసులో బెంచీ మీద నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "హీరో మాట్లాడుతున్నప్పుడు హీరోని చూడకే. మాట్లాడనివాళ్ళని చూడు. డైలాగు లేనప్పుడు కూడా పనిలో ఉన్నవాళ్ళే యాక్టర్లు" అనేది. ఇంటికొచ్చాక పరీక్ష పెట్టేది. కొడుకు ఊరు వెళ్ళిపోతుంటే తల్లి వేషం వేసినావిడ చేతులతో ఏం చేసింది? ఆ తర్వాత తలుపు ఎవరు వేశారు? చెప్పలేకపోతే, "నువ్వు సినిమాకి రాలేదే, గోళీసోడాకి వచ్చావు" అని వెక్కిరించేది.

పెళ్ళయి పాలకొల్లు వెళ్ళాక కూడా ఈ చదువు ఆగలేదు. బావగారు అక్కడ హైస్కూల్లో లెక్కల మాస్టారు. అక్కయ్య వారానికో ఇన్లాండు లెటరు రాసేది. పై సగంలో అత్తయ్యగారి మోకాళ్ళ నొప్పులు, కొబ్బరి దింపులు. కింది సగమంతా సినిమా. చోటు చాలక మడత పెట్టే అంచు మీద కూడా రాసేది. ఆ అంచు చిరిగిపోకూడదని నేను ఉత్తరాన్ని బ్లేడుతో విప్పేదాన్ని.

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా బావగారు పోయారు. పచ్చకామెర్లు. పదిహేను రోజుల్లో అయిపోయింది. వాళ్ళ పెళ్ళయి అప్పటికి ఆరేళ్ళు. పిల్లల్లేరు.

మా వైపు చావింట్లో ఒక పద్ధతి ఉంది. పరామర్శకు వచ్చిన ఆడవాళ్ళు వాకిట్లో కాలు పెట్టగానే శోకం ఎత్తుకుంటారు. లోపల చాప మీద కూర్చున్న మనిషి వాళ్ళని పట్టుకుని మళ్ళీ మొదట్నించి ఏడవాలి. కాసేపయ్యాక ఇద్దరూ ముక్కు చీదుకుని, ఎప్పుడు బయల్దేరారు, ఏ బస్సుకొచ్చారు అని మాట్లాడుకుంటారు. తర్వాతి బస్సు దిగినవాళ్ళు రాగానే మళ్ళీ మొదలు. నేను దీన్ని వెక్కిరించడం లేదు. ఏడవడానికి తోడు దొరకడం చిన్న విషయమేం కాదు. అక్కయ్య మాత్రం ఈ పద్ధతిలో ఇమడలేదు. వచ్చినవాళ్ళు మీద పడి శోకాలు పెడుతుంటే వాళ్ళ వీపు నిమిరేది. వాళ్ళు సర్దుకున్నాక, "కాఫీ తాగారా అండి?" అని అడిగేది.

మూడో రోజుకే ఆడవాళ్ళు చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. నూతి దగ్గర ఒకావిడ, "మాస్టారికీ ఈవిడకీ పడేది కాదేమోనండి" అంటుంటే నా చెవిన పడింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ మాటన్నావిడని నిలదీయాల్సింది పోయి, నేను లోపలికెళ్ళి అక్కయ్య పక్కన చాప మీద కూర్చున్నాను. ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, "కొంచెం ఏడవ్వచ్చు కదక్కా. అందరూ చూస్తున్నారు" అన్నాను.

అక్కయ్య నా వంక చూసింది. "నువ్వు అన్నం తిన్నావా?" అంది.

ఆ తర్వాత ఏడెనిమిది నెలలకి ఆ సినిమా వచ్చింది. హీరోయిన్ అప్పటికే పెద్ద స్టారు. వాన పాటలు అనగానే అందరికీ ఆవిడే గుర్తొచ్చేది. అంతవరకు ఆవిడకి ఇంకెవరో తీయటి గొంతు అరువిస్తూ వచ్చారు. ఈ సినిమాలో మొదటిసారి తన గొంతుతో తనే మాట్లాడింది. అది కాస్త బొంగురు గొంతు. ముఖానికి రంగు లేదు, వాన పాట లేదు, రెండు నేత చీరలతో సినిమా అంతా నడిపించేసింది. కథ కూడా పెద్దదేం కాదు. చిన్న ఊళ్ళో ఒక టైలరు పెళ్ళి జాకెట్టు కుడుతూ కుడుతూ గుండె పట్టుకుని మిషను మీదే వాలిపోతాడు. భార్య ఏడవదు. నెల తిరక్కుండానే కొట్టు తాళం తీసి తనే మిషను తొక్కుతుంది. ఊరు ఆడిపోసుకుంటుంది. మరిది కొట్టు లాక్కోవాలని చూస్తాడు. ఆవిడ ఇవ్వదు.

ఆ సినిమాకి మా ఊరు రెండుగా చీలిపోయింది. మా కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్ గారు క్లాసు ఆపేసి మరీ ఆవిడ నటన గురించి చెప్పారు. ఆయన చూసింది కాకినాడలో. మా వీధిలోవాళ్ళు మాత్రం, "ఆ గొంతేంటండీ బాబూ, కప్ప మింగినట్టు" అన్నారు. నేను నాలుగో రోజు మ్యాట్నీకి స్నేహితురాళ్ళతో వెళ్ళాను. అక్కయ్య నేర్పినట్టే కళ్ళు పెద్దవి చేసుకుని చూశాను. ఆవిడ మొహంలో నాకేమీ దొరకలేదు. అసలైన సీను అనుకున్న చోట ఆవిడ తాళం తీసి కొట్టులోకి వెళ్తుంది. మరుక్షణంలో, భర్త సగంలో వదిలేసిన ఆ పెళ్ళి జాకెట్టు పూర్తయిపోయి హ్యాంగర్‌కి వేలాడుతూ ఉంటుంది. బయట నిలబడ్డ పెద్దావిడతో, "అయిపోయిందండి, పట్టుకెళ్ళండి" అంటుంది, బొంగురుగా. అంతే. మొగుడు ఏ జాకెట్టు మీద ప్రాణం వదిలాడో దాన్ని ఇంత తాపీగా చేతిలో పెట్టడమేంటని నాకు ఒళ్ళు మండిపోయింది. వెనక బెంచీలో ఎవరో, "దీనికి మొగుడు పోయాడా, మిషను రిపేరొచ్చిందా?" అన్నారు. చుట్టుపక్కల అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ వారమే ఒక సినిమా వారపత్రికకి పోస్టుకార్డు రాశాను. "భర్తను పోగొట్టుకున్న స్త్రీగా నాయిక ఒక్క కన్నీటి బొట్టు రాల్చలేదు. ఆమె స్థానంలో రాతిబొమ్మను నిలబెట్టినా, వాన పడితే దాని కళ్ళయినా తడిసేవి." ఈ రెండో వాక్యం కోసం మూడు కార్డులు పాడుచేశాను. ఉత్తరం నా పేరుతో, మా ఊరి పేరుతో అచ్చయింది. నాన్న ఆ పత్రికని చంకలో పెట్టుకుని వీధి వీధంతా తిరిగి చూపించారు. నేను ఆ పేజీ కత్తిరించి, కవర్లో పెట్టి, పాలకొల్లు పంపించాను. ఒట్టేసి చెప్తున్నాను, ఆ రాతిబొమ్మ మాట రాస్తున్నప్పుడు అక్కయ్య నా మనసులో లేదు. నాకు సినిమా చూడటం నేర్పిన మనిషి చూసి మురిసిపోతుందని తప్ప నాకింకో ఆలోచన లేదు.

నెలకి గానీ జవాబు రాలేదు. "ఇక్కడ అందరం క్షేమం. అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను." ఇన్లాండు లెటర్లో మిగతాదంతా ఖాళీ. అమ్మ ఆ ఉత్తరం తిరగేసి, మళ్ళీ తిరగేసి, "ఏమే, ఆ పత్రికలో ముక్క దానికి పంపించావా?" అంది. అవునన్నాను. అమ్మ ఆ ఉత్తరం నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. అప్పటికి గానీ నా బుర్రలో వెలగలేదు. నూతి దగ్గర అందరూ గుసగుసగా అన్న మాటని నేను అచ్చు వేయించి, పైగా తపాలాలో అక్కయ్యకే పంపించాను.

దసరా సెలవులకి పాలకొల్లు పరిగెత్తాను. అక్కయ్య వంటింట్లో బచ్చలికూర తుంచుతోంది. పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాను.

"అక్కా, నేను రాసింది సినిమా గురించేనే. నీ గురించి కాదు."

"నాకు తెలుసు. సినిమా గురించే. నువ్వు సినిమా చూసే రాశావు కదా?"

"చూసే రాశాను. మొదట్నించి చివరిదాకా కదలకుండా చూశాను."

"అయితే ఇంకేముంది" అని, కూర కడగడానికి లేచింది.

కోప్పడి ఉంటే కాళ్ళు పట్టుకుని బతిమాలుకునేదాన్ని. కోప్పడలేదు. మరుసటేడు బావగారి ఉద్యోగం బదులు అక్కయ్యకి మండల విద్యాశాఖ ఆఫీసులో చిన్న ఉద్యోగం ఇచ్చారు. తనూ అత్తయ్యగారూ ఆ ఇంట్లోనే ఉండిపోయారు. నా పెళ్ళికి వారం ముందే వచ్చి పనులన్నీ నెత్తిన వేసుకుంది. నా కాన్పుకి వచ్చి పథ్యం వండిపెట్టింది. లోటేం చేయలేదు. కానీ సినిమా మాట ఎత్తితే చాలు, ఏదో పనున్నట్టు లేచి వెళ్ళిపోయేది. ఉత్తరాలు తగ్గాయి, తర్వాత ఫోన్లు వచ్చాయి. ఫోన్లో కూడా అందరం క్షేమమే. నాకు సినిమాలు చూడటం మీదే విసుగు పుట్టింది. హాల్లో పక్క సీటులో ఎవరున్నా అక్కయ్య లేనట్టే ఉండేది.

ఈలోగా ఆ సినిమాకి రోజులు మారాయి. ఆడనప్పుడు తిట్టిన పత్రికలే ఆదివారం అనుబంధాల్లో దాన్ని నెత్తిన పెట్టుకోవడం మొదలుపెట్టాయి. నచ్చనివాళ్ళకి ఇప్పటికీ నచ్చదు, నచ్చినవాళ్ళు దాని గురించి గుళ్ళో మాట్లాడినట్టు మాట్లాడతారు. నేను అప్పటికి రాజమండ్రిలో ఒక ఆఫీసులో పనిచేస్తున్నాను. ఒకరోజు భోజనాల దగ్గర ఆ చర్చ రానే వచ్చింది. నేను నా రాతిబొమ్మ వాక్యాన్ని మళ్ళీ వదిలాను. నా ఎదురుగా తణుకు నుంచి వచ్చిన ఒక పెద్దాయన కూర్చుంటారు. ఆయన ముద్ద పక్కన పెట్టేశారు.

"అదేంటండి అలా అంటారు? మిషను సీనొక్కటి చాలదుటండీ? ఆవిడ వీపు ఏడుస్తుందండి, వీపు!"

"ఏ మిషను సీనండి?"

"జాకెట్టు పూర్తిచేసే సీనండి. అదే కదా సినిమా అంతాను."

"అలాంటి సీనేం లేదండి. ఆవిడ లోపలికి వెళ్తుంది, జాకెట్టు తగిలిస్తుంది."

ఆయన నవ్వేశారు. "అసలు మీరా సినిమా చూశారా అండి?"

అక్కయ్య వంటింట్లో అడిగింది కూడా ఇదే.

రాజమండ్రిలో ఆ సినిమా సీడీ దొరకలేదు. ఆదివారం మా ఊరు వెళ్ళినప్పుడు, పాత హాల్లో ఆపరేటరుగా చేసినాయన బజారులో సీడీల కొట్టు పెట్టాడంటే అక్కడికి వెళ్ళాను. పేరు చెప్పగానే పై అరలోంచి తీసి ఇచ్చాడు. ఇందులో మిషను సీను ఉందా అని అడిగాను. ఆయన నాలుక కరుచుకుని, కౌంటరు మీదికి వంగాడు.

"ఉందండి. మన ఊళ్ళో ఆ ముక్క నేనే కోశానండి."

ఆయన చెప్పింది ఇది. మొదటి రోజు ఆ సీను రాగానే నాలుగు నిమిషాలు తెర మీద దాదాపు ఏమీ కదలదు. మిషను చప్పుడు తప్ప ఏమీ వినబడదు. రీలు ఇరుక్కుపోయిందనుకుని నేల టికెట్టువాళ్ళు ఈలలు, కేకలు. ఆపరేటరు నిద్రపోయాడంటూ తెర మీదికి చెప్పులు విసిరారు. మూడాటలకీ అదే గోల. మేనేజరు మెట్లెక్కి పైకి వచ్చి, ఆ ముక్క కోసెయ్యమన్నాడు. ఆ రోజుల్లో అది మామూలేనట. ఊరికి నచ్చని ముక్క కోసి డబ్బాలో దాచి, ప్రింటు తిరిగి పంపేటప్పుడు మళ్ళీ అతికించేవారు.

"అతికించడం మర్చిపోయానండి. ప్రింటు అలాగే మండపేట వెళ్ళిపోయింది."

"మరి పాలకొల్లు?"

"ఆ జిల్లాకి వేరే ప్రింటండి. అక్కడ మొత్తం ఆడే ఉంటుంది."

"ఆ ముక్క ఏమైంది?"

"గ్రహణం చూడ్డానికి మా వీధిలోవాళ్ళు తలా కాస్తా పట్టుకుపోయారండి" అన్నాడు, చాలా మర్యాదగా.

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. అక్కడ మాత్రం సీడీ తీసుకుని థాంక్సండి అని వచ్చేశాను.

సీను రెండో సీడీ మొదట్లోనే ఉంది. ఆవిడ కొట్టులోకి వెళ్ళి కూర్చుంటుంది. మనకి మొహం చూపించరు. వీపు, మెడ, మిషను పెడలు మీద రెండు పాదాలు, అంతే. జాకెట్టు ఇంకా మిషను కిందే ఉంది, సూది గుడ్డలో దిగి ఉంది. సూది పైకెత్తకుండానే తొక్కడం మొదలుపెడుతుంది, ఆయన ఆపిన కుట్టు దగ్గర్నుంచే. మట్టె తీసేసిన వేలి మీద తెల్లటి గుర్తు. కాసేపు తొక్కుతుంది, పాదం ఆగిపోతుంది. భుజాల మధ్య ఎముకలు దగ్గరికొస్తాయి. మళ్ళీ తొక్కుతుంది. మూడోసారి ఆగినప్పుడు మిషను చక్రం దానంతటదే కొంచెం వెనక్కి తిరుగుతుంది, ఆవిడ చెయ్యి దాన్ని పట్టుకోవాలని లేచి, పట్టుకోకుండా కిందికి దిగిపోతుంది. చివర్న దారం పంటితో కొరికి, కింద పడ్డ గుడ్డ పీలికతో మొహం తుడుచుకుంటుంది. తర్వాతే లేచి జాకెట్టు తగిలించి, "అయిపోయిందండి, పట్టుకెళ్ళండి" అంటుంది. ఆ గొంతు ఎందుకు అంత బొంగురుపోయిందో అప్పుడు అర్థమైంది. అది అప్పుడే ఏడ్చి లేచిన మనిషి గొంతు.

సినిమా అంతా గొప్పదని ఇప్పుడు కూడా అనను. మరిది వేషం వేసినాయన అరుపులు భరించలేం. చివరి అరగంట సాగదీశారు. వెనకాల వీణ ఎవరు వాయించారో గానీ వాయించాల్సినదానికన్నా ఎక్కువే వాయించారు. కానీ ఆవిడ గురించి నేను రాసింది తప్పు. అదీ చిన్న తప్పు కాదు.

మరుసటి ఆదివారం సీడీ ప్లేయరు బ్యాగులో పెట్టుకుని, రావులపాలెంలో బస్సు మారి పాలకొల్లు వెళ్ళాను. అత్తయ్యగారు ముందుగదిలో మంచం మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్నారు. అక్కయ్య చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. తాగకుండానే మొదలుపెట్టాను.

"అక్కా, మా ఊళ్ళో మిషను సీను లేదే."

"ఏంటి?"

"ఆ సినిమాలో. మొదటి రోజు గోల చేశారని కోసేశారు. నేను వెళ్ళింది నాలుగో రోజు. ఆవిడ కొట్టులోకి వెళ్ళింది, జాకెట్టు తగిలించింది. నేను చూసిందంతే."

అక్కయ్య చెంబు పట్టుకునే నిలబడిపోయింది. "అయితే నువ్వది చూడనే లేదా?"

"మొన్న ఆదివారం దాకా చూడలేదు."

మంచం అంచున కూర్చుంది. "నువ్వది చూసి కూడా ఆ మాట రాశావనుకున్నానే. నా పక్కన కూర్చుని అన్నేళ్ళు చూసింది, ఇంతేనా దీనికి కనబడింది అనుకున్నాను. దానికే బాధ. నన్నన్నావని కాదు" అంది.

అత్తయ్యగారు చేట పక్కన పెట్టారు. "ఇక్కడా ఈలలేశారమ్మా" అన్నారు నాతో. "మ్యాట్నీకి నేనే తీసుకెళ్ళాను. ఏడాది తిరక్కుండా కోడల్ని సినిమాకి తిప్పుతున్నానని మా ఆడపడుచు ఎన్నాళ్ళో మాట్లాడ్డం మానేసింది. ఇంట్లో దీన్ని ఎప్పుడూ ఎవరో ఒకరు చూస్తూనే ఉండేవారు. చీకట్లో కాసేపు ఎవరూ చూడకుండా కూర్చుంటుందని తీసుకెళ్ళాను. ఆ మిషను దగ్గర జనం గోల గోల. ఆ గోలలో ఇది ఏడ్చింది. పొర్లి పొర్లి వచ్చిందమ్మా ఏడుపు. ఎవరికీ వినబళ్ళేదు. పక్కనున్నదాన్ని, నాకే వినబడింది."

మా ఊళ్ళో ఆ ఈలలకి సీనే పోయింది. ఇక్కడ అవే ఈలలు మా అక్కయ్య ఏడుపుకి చాటయ్యాయి. వాటిని ఇప్పుడు తిట్టాలో మెచ్చుకోవాలో నాకు తెలియలేదు.

ఒకటి మాత్రం తెలిసింది. ఆపరేటరు కోసింది సినిమాలో ముక్క. చావింట్లో చాప మీద నేనన్న మాట ఎవరూ కోయలేదు. దానికి ఆపరేటరు మీద నెపం పెట్టలేను. "అక్కా, ఆ రోజు నీ చెవిలో నేనన్నది..." అన్నాను.

"గుర్తుంది" అంది అక్కయ్య. "మిగతావాళ్ళంతా నూతి దగ్గర అన్నారు. నువ్వు నా దగ్గరికొచ్చి అన్నావు."

క్షమించానని అనలేదు. తప్పనీ అనలేదు. లేచి టీవీ మీది గుడ్డ తీసి, "ఆ వైర్లు ఎక్కడ పెట్టాలో నాకు తెలీదు, నువ్వే పెట్టు. చూద్దాం" అంది.

రెండో సీడీ వేశాను. అక్కయ్య వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. మిషను చప్పుడు మొదలైంది. అత్తయ్యగారు సౌండు పెంచమన్నారు, పెంచాను. పాదం ఆగింది, మళ్ళీ కదిలింది. నా కుడి భుజానికి అక్కయ్య భుజం ఆనుకుని ఉంది. నేను తెర మీద ఆ మట్టె గుర్తు వంకే చూస్తూ కూర్చున్నాను. అక్కయ్య ఏడుస్తోందో లేదో తల తిప్పి చూడలేదు.